కత్తెర ఎవరి చేతిలో ఉంది?

(అనంతపురం ప్రాంతంలో కుట్టుపని చేసే స్త్రీలు, మహిళా సంఘాల కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి ఇక్కడ భూమి గురించి, కూలి రేట్ల గురించి, ఇళ్లలో జరిగే హింస గురించి మాట్లాడుకుంటున్నాం. నన్ను మాత్రం చెట్టు బొంత కత్తిరించి కుట్టడం గురించి చెప్పమన్నారు. హక్కుల సమావేశంలో బొంత ముచ్చట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చాలా ఏళ్లుగా కుట్టుపని చేస్తూ, నేర్పిస్తూ వచ్చిన దాన్ని కాబట్టి నాకు తెలిసినంతలో చెప్తాను. కుట్టుపనిలో ఆడవాళ్లకు రావలసింది ఎక్కడ పోతోందో తెలియాలంటే ముందు కత్తెర ఎవరి చేతిలో ఉందో చూడాలి. బట్టను కత్తిరించే మనిషే బొమ్మ ఏదో నిర్ణయిస్తాడు, ఎంత బట్ట పట్టిందో చెప్తాడు, చివరికి రేటు కూడా తనే కడతాడు. మిగిలిన ముక్కలు కలపడం మన వంతు. ఈ మాట ఒక చెట్టు గడిని పట్టుకుని వివరిస్తాను.

మన జిల్లాలో బొంత ఏమిటో మీకు చెప్పనక్కర లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా కురవని నేల ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను అనంతపురం, శ్రీ సత్యసాయి అని రెండుగా విడదీశారు కానీ కరువుకు ఆ సరిహద్దు లేదు. శనక్కాయ పంట పోయిన ఏడు కొత్త దుప్పటి కొనే స్థోమత ఎవరికుంటుంది? చిరిగిన చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, పరుగు కుట్టు వేసి బొంత చేసుకుంటాం. బెంగుళూరుకో కేరళకో కూలికి పోయేటప్పుడు మూటలో మొదట పెట్టేది బొంతే. బిడ్డ పుడితే బొంత, ముసలమ్మ మంచాన పడితే బొంత. ఇంత పని చేసినా "ఏం చేస్తాండావమ్మా?" అని ఎవరన్నా అడిగితే మనమేమంటాం? "ఏం లేదు, ఊరికే కూచోని బొంత కుడతాండా" అంటాం. ఆ "ఊరికే" అన్న మాటలోనే మన శ్రమంతా లెక్కలోంచి జారిపోతోంది.

తండాల్లో లంబాడీ అక్కచెల్లెళ్లు రంగు ముక్కలు అతికి, అద్దాలు కూర్చి చేసే పని చూడండి. మనకు ఆనుకుని ఉన్న బళ్లారి జిల్లాలో సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపిలో జరిగిన జీ-20 సమావేశాల సందర్భంగా ఆ స్త్రీలు చేసిన 1,755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శిస్తే గిన్నిస్ రికార్డయింది. అదే పని మన తండాలో చేస్తే "ఊరికే" చేసిందవుతుంది. పనిలో తేడా లేదు. పేరు పెట్టి, లెక్క కట్టి, నలుగురి ముందు పెట్టడంలోనే తేడా ఉంది.

ఇక కత్తెర సంగతికి వస్తాను. ఊళ్లో టైలరు దుకాణంలో "మాస్టరు" అని ఎవరినంటారు? కత్తిరించేవాణ్ణి. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీకి వెళ్తే కటింగ్ సెక్షన్‌లో ఎక్కువగా మగవాళ్లుంటారు, మిషన్ల ముందు వరసలు వరసలుగా ఆడవాళ్లుంటారు. ఆడవాళ్లకు కత్తిరించడం రాదనా? సంగటికి పిండి, నీళ్లు కంటి చూపుతో కొలిచే మనిషికి, కూతురి లంగాకు చేతి జానతో కొలత తీసే మనిషికి ఆ మాట చెప్తే నవ్వుతుంది. కత్తిరించే చోట బట్ట లెక్క ఉంటుంది, బట్ట లెక్క ఉన్నచోట డబ్బు ఉంటుంది. అందుకే ఆ చోటును మనకు దూరంగా ఉంచారు. దీన్ని పుస్తకాల్లో లింగ ప్రాతిపదిక మీద జరిగే శ్రమ విభజన అంటారు. మన భాషలో చెప్పాలంటే తాళం చెవి వాళ్ల దగ్గర, కాపలా మన దగ్గర.

మా సంఘానికి కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారి బొంతల పని ఇచ్చాడు. ముక్కలన్నీ తనే కత్తిరింపించి కట్టలు కట్టి తెచ్చాడు. విప్పి చూస్తే కొన్ని ముక్కలు ఒక నూలు వెడల్పున చిన్నవి, కొన్ని కట్టల్లో ముక్కలే తక్కువ. మేం కుట్టి ఇచ్చాక గడులు సమంగా లేవని, బట్ట పోగొట్టారని ఒక్కో బొంతకు కోత వేశాడు. మా దగ్గర రాత లేదు, కొలత లేదు. ఎంత బట్ట ఇచ్చాడో అతనికే తెలుసు. ఆ తర్వాతే సంఘంలో తీర్మానం చేసుకున్నాం: బట్ట తానుగా వస్తేనే పని తీసుకుందాం, మనమే కత్తిరిద్దాం అని.

ఇప్పుడు చెట్టు గడి ఎలా చేయాలో చూడండి. బయటివాళ్లు బ్లాకు అంటారు, మనం గడి అందాం. కుట్టడం పూర్తయ్యాక గడి పన్నెండు అంగుళాల చదరంగా రావాలి. దాన్ని రెండేసి అంగుళాల చిన్న గళ్లుగా అనుకుంటే అడ్డం ఆరు, నిలువు ఆరు. పైన నాలుగు వరసలు ఆకుల గుబురు, కింది రెండు వరసల చోటు మానుకు.

ముందు బట్ట. నూలు బట్టే తీసుకోండి. పాలిస్టరు కలిస్తే ఇస్త్రీకి ఒకటి ముడుచుకుంటుంది, ఒకటి ముడుచుకోదు. కొత్త బట్టను ఉడికే నీళ్లలో నానబెట్టి ఆరేయాలి, కుంచించుకుపోయేదేదో ముందే పోతుంది, రంగు దిగేదేదో ముందే దిగుతుంది. పాత చీర వాడేటప్పుడు వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. కూర్చునే చోట, కుచ్చిళ్ల కింద నేసిన పోగు పలచబడి ఉంటుంది. ఆ చోటు వదిలేసి మిగతాదే కత్తిరించాలి.

తర్వాత కొలత. ఏ ముక్కకైనా నాలుగు వైపులా కుట్టుకు పావు అంగుళం వదలాలి. రెండు అంగుళాల గడి రావాలంటే రెండున్నర అంగుళాల ముక్క కత్తిరించాలి. అట్ట ముక్క ఒకటి కొలిచి కోసి పెట్టుకోండి. కత్తిరించిన ముక్కను పట్టుకుని ఇంకో ముక్క కత్తిరించవద్దు. అలా చేస్తే పది ముక్కలయ్యేసరికి కొలత పెరిగిపోతుంది.

చెట్టు గుబురు అంచులు త్రిభుజాలతో వస్తాయి. త్రిభుజాలను విడిగా కత్తిరించి అతకాలని చూస్తే వాటి పొడుగు వైపు ఐమూలగా, అంటే టైలర్లు క్రాసు అనే వాలులో పడుతుంది. ఐమూల బట్ట సాగుతుంది, గడి వంకర పోతుంది. అందుకని కత్తిరించక ముందే కుట్టాలి. ఆకు రంగు చదరం ఒకటి, నేల రంగు చదరం ఒకటి మూడేసి అంగుళాలవి తీసుకుని మంచి వైపులు ఎదురెదురుగా పెట్టండి. మూల నుంచి మూలకు సుద్దతో గీత గీయండి. గీతకు ఇటు పావు అంగుళం, అటు పావు అంగుళం దూరంలో రెండు కుట్లు వేసి, గీత మీద కత్తిరించండి. విప్పితే రెండు చదరాలు వస్తాయి, ఒక్కోదానిలో సగం ఆకు, సగం ఆకాశం. వాటిని రెండున్నర అంగుళాలకు సరిచేసుకోవాలి. ఇస్త్రీ పెట్టె అద్దాలి, లాగకూడదు.

మొదటి వరసలో మధ్యన రెండు త్రిభుజపు గళ్లు, అటూ ఇటూ రెండేసి నేల గళ్లు. రెండో వరసలో రెండు చివరలా ఒక్కో నేల గడి, వాటి పక్కన ఒక్కో త్రిభుజపు గడి, మధ్యన రెండు నిండు ఆకు గళ్లు. మూడో వరసలో చివరలు త్రిభుజాలు, మధ్యన నాలుగు నిండు ఆకులు. నాలుగో వరసలో ఆరూ త్రిభుజాలే, కొనలు కిందికి పెడితే గుబురు అడుగు ఆకులు వేలాడినట్టు ఉంటుంది. వరసలు కలిపేటప్పుడు ఒక వరస కుట్లను కుడికి, కింది వరస కుట్లను ఎడమకు మడిచి ఇస్త్రీ చేస్తే కూడళ్లు ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. కింద మాను రెండు అంగుళాలు, దానికి ఇరుపక్కలా రెండేసి అంగుళాల నేల, ఒక్కో అంగుళం ఊడ, మళ్లీ రెండేసి అంగుళాల నేల. ఎత్తు నాలుగు అంగుళాలు. మొత్తం పన్నెండు అంగుళాలకు సరిపోతుంది. వేపో కానుగో కావాలంటే ఊడలు తీసేసి మాను ఒక్కటే పెట్టండి. మర్రి కావాలంటే ఊడలు ఉండాల్సిందే.

ఇప్పుడు లెక్క పెట్టండి. పన్నెండు త్రిభుజపు గళ్లకు 24 త్రిభుజాలు, ఆరు ఆకు చదరాలు, ఆరు నేల చదరాలు, కింద ఏడు పట్టీలు. ఒక్క గడిలో 43 ముక్కలు. 43 ముక్కలు ఒకటి కావాలంటే 42 కుట్లు. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు బొంతకు ఇలాంటివి 30 గడులు పడతాయి. అంటే 1,290 ముక్కలు, 1,260 కుట్లు. ఆ తర్వాత గడులను కలపడం, లోపలి పొర పరచడం, మూడు పొరలకూ పరుగు కుట్టు వేయడం, అంచు కట్టడం వేరే. ఇదంతా "ఊరికే" చేసే పనేనా?

కుట్టులో ఎంత ఖచ్చితం కావాలో కూడా చూడండి. పావు అంగుళానికి బదులు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ పట్టిందనుకోండి. ఒక వరసలో ఐదు కుట్లు, ఒక్కోదానికి రెండు వైపులు. పది పదహారో వంతులు పోతాయి. అంటే ఒక్క వరసలోనే అర అంగుళం దాటి తగ్గిపోతుంది. దీన్ని నైపుణ్యం లేని పని అని ప్రభుత్వ కాగితాల్లో రాసేవాళ్లకు ఒక్క గడి కుట్టమని ఇచ్చి చూడాలి.

బట్ట లెక్క ఇంకా ముఖ్యం. 45 అంగుళాల పన్నా ఉన్న ఆకుపచ్చ బట్టలో మూడు అంగుళాల పట్టీ కోస్తే 15 చదరాలు వస్తాయి. 30 గడులకు కావలసింది 180. అంటే 12 పట్టీలు, 36 అంగుళాలు. నిండు ఆకుల కోసం రెండున్నర అంగుళాల చదరాలు ఇంకో 180. పట్టీకి 18 చొప్పున పది పట్టీలు, 25 అంగుళాలు. మొత్తం 61 అంగుళాలు, అంటే ఒక మీటరు 55 సెంటీమీటర్లు. వ్యాపారి రెండు మీటర్లిచ్చి "సరిపోయింది కదా" అంటే, మిగిలిన 45 సెంటీమీటర్లు ఎక్కడున్నాయో మనం చెప్పగలం. రెండున్నర ఇచ్చానని చెప్పి రెండే ఇస్తే అదీ చెప్పగలం. ఈ లెక్క రాకుండా కత్తెర పట్టుకున్నా లాభం లేదు. మా సంఘంలో చదువు రాని పెద్దమ్మలు కూడా గోడ మీద బొగ్గుతో పట్టీలు గీసుకుని ఈ లెక్క తేల్చేస్తారు.

ఇంతవరకు కొలతల సంగతి. ఇప్పుడు ఏ చెట్టు కుట్టాలన్న సంగతి చెప్తాను. మాకు బాగా ఆలోచించాల్సి వచ్చింది దీని దగ్గరే.

చెట్టు బొంత ఆర్డరు మాకు వచ్చింది మర్రిచెట్టుతోనే. కదిరికి పాతిక కిలోమీటర్ల దూరంలో గూటిబయలు దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఉంది. ఐదెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు. వెయ్యికి పైగా ఊడలు నేలలో దిగి మానులైనాయి. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. పర్యాటకులు దాన్ని చూడటానికే వస్తారు, కాబట్టి ఆ బొమ్మతో బొంతలు కుడితే అమ్ముడుపోతాయని ఒక కొనుగోలుదారు అడిగాడు. బొంతతో పాటు ఒక చీటీ కుట్టాలన్నాడు. ఆ చీటీ మీద తిమ్మమ్మ కథ ఉండాలి. భర్త చనిపోతే ఆమె చితిలోకి నడిచిందని, చితికి నాటిన గుంజ ఒకటి చిగురించి ఈ మానైందని స్థానికంగా చెప్పుకునే కథ. అది 1434లో జరిగిందంటారు. "కథ ఉంటే ధర పలుకుతుంది" అని అతని వాదన.

సంఘంలో మూడు సార్లు కూర్చుని మాట్లాడాం. మాలో తిమ్మమ్మను దేవతగా మొక్కేవాళ్లున్నారు. పిల్లలు లేని ఆడవాళ్లు ఆ చెట్టు కింద మొక్కుకుంటే పిల్లలు పుడతారని నమ్మకం. ఒక పెద్దమ్మ, "నా బిడ్డ ఆ యమ్మ ఇచ్చిందే. నువ్వు ఆ యమ్మను తీసేయమంటాండావా?" అని నన్నే అడిగింది. ఆమె భక్తిని నేను కించపరచలేను. నేను అడిగింది వేరు. "పెద్దమ్మా, నీ మొగుడు పోయి పన్నెండేళ్లయింది. నువ్వు బతికి, ఇద్దరు బిడ్డల్ని సాకి, పెండ్లిండ్లు చేసినావు. నీ మీద ఎవరన్నా చీటీ రాసినారా?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ పెద్దమ్మే, "బతికినందుకు ఎవరు రాస్తారు పాపా, సచ్చినందుకే రాస్తారు" అంది. ఈ సమాజం ఆడదాన్ని ఎప్పుడు గౌరవిస్తుందో దీనికంటే బాగా ఏ ఉపన్యాసకురాలూ చెప్పలేదు.

చట్టం సంగతి కూడా అప్పుడు చదువుకున్నాం. సతిని 1829లో బెంగాల్లో, 1830లో మనం అప్పట్లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో నిషేధించారు. నూట యాభై ఏళ్లు దాటాక 1987 సెప్టెంబరులో రాజస్థాన్‌లోని దేవరాలాలో పద్దెనిమిదేళ్ల రూప్ కన్వర్ భర్త చితిలో కాలిపోయింది. ఆ చోట వేల మంది పండగ చేశారు. దేశంలోని మహిళా సంఘాలు రోడ్ల మీదికి వచ్చాయి. ఆ ఏడాదే సతి నిరోధక చట్టం వచ్చింది. ఆ చట్టంలో ముఖ్యమైన మాట ఏమిటంటే, సతిని సమర్థించడం, ప్రచారం చేయడం, కీర్తించడం కూడా నేరమే. ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, 5 వేల నుంచి 30 వేల రూపాయల దాకా జరిమానా. ఐదొందల ఏళ్ల నాటి కథ చీటీ ఈ సెక్షన్ కిందికి వస్తుందో రాదో వకీళ్లు తేల్చుకోవచ్చు. మేం తేల్చుకోవాల్సింది ఇంకోటి. ఒక ఆడమనిషి కాలిపోవడాన్ని ఆడవాళ్లమే కూర్చుని, మన సూదితో, మన దారంతో అందంగా కుట్టి అమ్మాలా?

మేం తీసుకున్న నిర్ణయం ఇది. చెట్టును కుడతాం, చితిని కుట్టం. చెట్టు మనది. దాని నీడలో మేకల్ని కట్టేసి, చద్ది తిని, పిల్లల్ని ఉయ్యాల వేసినవాళ్లం మనం. చీటీ మీద మేమే రాశాం: ఇది మర్రిచెట్టు, దీని ఊడలు నేలకు దిగి మానులవుతాయి, అందుకే ఇన్ని ఎకరాలు నిలబడింది, ఈ బొంతలో 1,290 ముక్కలున్నాయి, వీటిని ఫలానా ఊరి స్త్రీలు కత్తిరించి కుట్టారు. ఊడలున్న గడిని ముందు చెప్పింది అందుకే. కొనుగోలుదారు ఆర్డరులో సగం వెనక్కి తీసుకున్నాడు. ఆ నెల మాకు కష్టంగానే గడిచింది. అయినా సంఘంలో ఎవరూ ఆ చీటీ మార్చమనలేదు, మొక్కే పెద్దమ్మ కూడా అనలేదు.

మర్రి మీద చెప్పుకోవడానికి ఇంకో ఆడమనిషి కథ కూడా ఉంది. కర్ణాటకలో హులికల్ నుంచి కూడూరు వెళ్లే దారి పొడుగునా 385 మర్రిచెట్లు పెంచిన తిమ్మక్క పేరు మీరు వినే ఉంటారు. కూలి పని చేసుకునే మనిషి. పిల్లలు లేరని లోకం చేత మాటలు పడ్డది. భర్తతో కలిసి బిందెలతో నీళ్లు మోసి ఆ మొక్కల్ని బతికించింది. 2019లో పద్మశ్రీ వచ్చింది, 2025 నవంబరులో నిండు వయసులో కన్నుమూసింది. ఒక మర్రి కింద పిల్లలు లేని స్త్రీలు మొక్కుకుంటున్నారు. పిల్లలు లేని ఒక స్త్రీ బతికుండి అన్ని మర్రుల్ని పెంచింది. మన ఆడపిల్లలకు ఏ కథ చెప్పాలో మనమే నిర్ణయించుకోవచ్చు. కత్తెర మన చేతిలో ఉంటే బొమ్మ మనదవుతుందని నేనన్నది ఇదే.

చెట్టు గడికి పేరు పెట్టి మాట చెప్పించడం మనమే కొత్తగా చేస్తున్న పని కాదు. అమెరికాలో 19వ శతాబ్దంలో మద్యపానానికి వ్యతిరేకంగా స్త్రీలు పెద్ద ఉద్యమం నడిపారు. 1874లో వాళ్ల జాతీయ సంఘం ఏర్పడింది. ఉద్యమానికి డబ్బు కూడబెట్టడానికి బొంతలు కుట్టి అమ్మేవారు. త్రిభుజాలు కూర్చి చేసే ఒక చెట్టు గడికి అక్కడ "టెంపరెన్స్ ట్రీ" అని పేరు, అంటే మద్యనిషేధపు చెట్టు. ఓటు హక్కు కూడా లేని ఆడవాళ్లు చెప్పదలచుకున్న మాట మంచం మీద పరిచారు. మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. ఆ పోరాటం మన పాటల్లో ఉంది, మన బొంతల్లో ఇంకా రాలేదు.  దాన్ని ఎవరైనా కుడితే బాగుంటుంది.

అదే అమెరికాలో, అలబామా రాష్ట్రంలో, నల్లజాతి స్త్రీలు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అని బొంతల సహకార సంఘం పెట్టుకున్నారు. ఓటరుగా పేరు నమోదు చేయించుకున్నందుకు ఆ ప్రాంతంలో కొన్ని కుటుంబాలను భూస్వాములు కౌలు భూముల నుంచి, ఇళ్ల నుంచి వెళ్లగొట్టారు. అలాంటి రోజుల్లో బొంత వాళ్లకు స్వతంత్రమైన రాబడి అయింది.

మన దేశంలో మనకు దగ్గరి ఉదాహరణ అహ్మదాబాద్‌ది. అక్కడ 1972లో ఇలా భట్ స్థాపించిన సేవా సంఘం మొదట్లో చేరదీసిన వాళ్లలో చింది పనివాళ్లున్నారు. బట్టల మిల్లుల్లో మిగిలే పేలికల్ని చింది అంటారు. ముస్లిం స్త్రీలు ఇళ్లలో కూర్చుని ఆ పేలికలు కలిపి బొంత గలీబులు కుట్టేవారు. పేలికలు ఇచ్చేది వ్యాపారి, గలీబు తీసుకునేది వ్యాపారి, రేటు చెప్పేది వ్యాపారి. రేటు పెంచమని అడిగితే పేలికలు ఇవ్వడం ఆపేశాడు. అప్పుడా స్త్రీలు పేలికలు తామే తెచ్చుకుని, తామే అమ్ముకునేలా సహకార సంఘం పెట్టుకున్నారు. ముడి సరుకు ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్ల చేతిలో ఉంటుందని వాళ్లు మనకంటే ముందే తెలుసుకున్నారు.

ఇక రేటు. ఈ లెక్క కార్యకర్త మిత్రులు రాసుకుని మీ మీ సంఘాల్లో చేయించండి. ఒక గడి కత్తిరించి కుట్టడానికి మూడు గంటలు పట్టిందనుకుందాం. 30 గడులకు 90 గంటలు. కలపడం, పొరలు పరచడం, పరుగు కుట్టు, అంచు కలిసి ఇంకో 70 గంటలనుకుందాం. మొత్తం 160 గంటలు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున 20 రోజులు. 2024–25లో ఉపాధి హామీ పనికి మన రాష్ట్రంలో రోజు కూలి 300 రూపాయలు. మట్టి తవ్వే కూలి లెక్క వేసినా 6,000 రూపాయలవుతుంది. బట్ట, దారం, కరెంటు, మిషను అరుగుదల దీనికి అదనం. బొంత మొత్తానికి పదిహేను వందలు ఇస్తామనే వాడితో "ఇది చాలదు" అంటే సరిపోదు. ఈ 20 రోజుల కాగితం అతని ముందు పెట్టాలి. మీ గంటలు నా గంటలు ఒకటి కాకపోవచ్చు. అందుకే ప్రతి మనిషీ గోడ గడియారం చూసి తన గంటలు తను రాసుకోవాలి. వంటకు లేచిన సమయం తీసేయండి, రాత్రి దీపం కింద కుట్టిన సమయం కలపండి.

ఇది దయ అడగడం కాదు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే, బయటివాళ్లిచ్చిన సరుకు ఇంటికి తెచ్చుకుని పని చేసిపెట్టే మనిషిని కూడా పనివాళ్ల లెక్కలో చేర్చారు. ముక్కల పని చేసినా, రోజుకు నిర్ణయించిన కనీస వేతనం కంటే తగ్గకూడదని 17వ సెక్షన్‌లో రాశారు. ముక్కల పనికి ఆ రక్షణ 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ఇంటి దగ్గర పని చేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 2008 అసంఘటిత కార్మికుల చట్టం ఇంటి దగ్గర పని చేసేవాళ్లకు పేరు పెట్టి గుర్తింపునిచ్చింది. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్‌లో మనలాంటి వాళ్లు నమోదు చేయించుకోవచ్చు. నమోదు చేయించేటప్పుడు వృత్తి దగ్గర "గృహిణి" అని రాస్తానంటే ఒప్పుకోకండి. కుట్టుపని, బొంతల పని అని రాయించండి. సంఘంగా నిలబడి అమ్ముకోవాలంటే మన రాష్ట్రంలో 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది. మన జిల్లాలోనే పొదుపు సంఘాలు ఆ చట్టం కింద నమోదై, ప్రభుత్వ పెత్తనం లేకుండా నడిచి చూపించాయి.

కార్యకర్త మిత్రులకు ఒక మాట. మన సంస్థలు ఊళ్లలో కుట్టు మిషన్లు పంచుతాయి. మూడు నెలల శిక్షణ ఇస్తాయి. ఆ శిక్షణలో కుట్టడం ఉంటుంది, కటింగ్ చివరి వారంలో పైపైన ఉంటుంది, బట్ట లెక్క, రేటు లెక్క అసలు ఉండవు. ఇలా నేర్పితే మనం వ్యాపారులకు చవక పనివాళ్లను తయారు చేసి ఇస్తున్నట్టే. శిక్షణను తలకిందులు చేయండి. మొదటి రోజు కత్తెర, కొలత, లెక్క. కుట్టు తర్వాత నేర్చుకోవచ్చు, అది మన చేతుల్లో ఎలాగూ ఉంది.

సంఘాల అక్కచెల్లెళ్లతో చివరగా మూడు పనులు చెప్పి ముగిస్తాను. బట్ట తానుగా వస్తేనే పని తీసుకోండి, వచ్చిన బట్ట అందరి ఎదుట కొలిచి పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోండి. ప్రతి బొంతకూ ముక్కల లెక్క, గంటల లెక్క రాయండి. చీటీ మీద ఏం రాయాలో మీ సంఘంలో కూర్చుని తేల్చుకోండి, కొనేవాడికి వదలొద్దు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెనక గదిలో బట్ట, అట్టలు, కత్తెరలు పెట్టాం. ఒక్కో ఊరి నుంచి వచ్చినవాళ్లు తమ ఊరి చెట్టు ఒక్క గడి కత్తిరించి కుట్టాలి. సాయంత్రానికి ఎన్ని గడులు వస్తాయో, ఎన్ని గంటలు పట్టాయో అక్కడే గోడ మీద రాద్దాం.